యూఎస్‌బీ 5 వోల్టులు: చిన్న సర్క్యూట్‌కు లెక్క 4.4 నుంచి ఎందుకు మొదలుపెట్టాలి

చెన్నై మౌంట్ రోడ్డు నుంచి రిచీ స్ట్రీట్‌లోకి మళ్లి ఏ కాంపోనెంట్ల కొట్టు ముందు నిలబడినా "అన్నా, 3.3 రెగ్యులేటర్ ఒకటి" అంటే చాలు. రెగ్యులేటరంటే అందిన వోల్టేజీని తగ్గించి, చిప్‌కు కావాల్సిన 3.3 వోల్టుల దగ్గర నిలకడగా నిలిపే భాగం. అన్నా అనే పిలుపు తమిళానికీ తెలుగుకీ ఉమ్మడి సొత్తు కాబట్టి భాషతో ఇబ్బంది లేదు. కొట్టతను సాధారణంగా చేతిలో పెట్టేది ఏఎంఎస్ 1117. అది చవక, ఎక్కడైనా దొరుకుతుంది, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. ఆ "చాలాసార్లు" దగ్గరే చిక్కంతా ఉంది. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో చెన్నైకి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చిన పిల్లలు ఈఎస్‌పీ 32 అనే వైఫై చిప్‌తో చిన్న వాతావరణ పెట్టె కడతారు. హాస్టల్ గదిలో లాప్‌టాప్‌కు తగిలిస్తే అది రాత్రంతా నడుస్తుంది. రివ్యూ రోజున ల్యాబ్ కంప్యూటర్ ముందువైపు పోర్టుకు, లేదా ఒక పోర్టును పలు పోర్టులుగా పంచే బల్ల మీది హబ్‌కు పెట్టగానే వైఫై కలిసే క్షణంలో రీసెట్ అవుతుంది. ఇక కోడ్‌లో తప్పు వెతకడం మొదలవుతుంది. గంటల తరబడి వెతికినా దొరకదు, ఎందుకంటే కోడ్ మారలేదు. మారింది బోర్డుకు అందుతున్న వోల్టేజీ.

యూఎస్‌బీ అంటే 5 వోల్టులు అని అందరికీ తెలుసు. ప్రమాణంలో ఉన్నది మాత్రం ఒక శ్రేణి. యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996లో వచ్చింది. ఇంటెల్‌లో దాని రూపకల్పనకు కృషి చేసినవారిలో భారతదేశంలో పుట్టిన అజయ్ భట్ ముఖ్యులు. అప్పటికి డిజిటల్ సర్క్యూట్ల లోకంలో 5 వోల్టులు స్థిరపడి దశాబ్దాలైంది. 7400 శ్రేణి టీటీఎల్ చిప్‌లు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య నడిచేవి. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 కూడా కంప్యూటర్ పోర్టు దగ్గర అవే హద్దులు పెట్టింది. తరువాతి సవరణల్లో పై హద్దు 5.5కు పెరిగింది. కింది హద్దు సంగతి అంత సులువు కాదు. సొంత అడాప్టర్ లేకుండా కంప్యూటర్ నుంచే కరెంటు తీసుకునే హబ్ ఉంటే, దాని పోర్టు దగ్గర వోల్టేజీ 4.40 వరకు దిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. అంటే 4.4 వోల్టులిచ్చే హబ్‌లో లోపమేమీ లేదు, అది నిబంధన ప్రకారమే ఉంది. దాన్ని ఊహించని సర్క్యూట్‌దే లోపం.

పైగా 4.4 అనేది పోర్టు దగ్గరి మాట. మధ్యలో తీగ ఉంది. కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. తూము దగ్గర నిండుగా పారే నీరు చివరి ఆయకట్టుకు చేరేసరికి పాదాలు తడవనంతగా తగ్గుతుంది. పైవాళ్లు ఎంత ఎక్కువ వాడితే చివరి మడికి అంత తక్కువ. తీగలోనూ కరెంటు పెరిగేకొద్దీ దారిలో పోయే వోల్టేజీ పెరుగుతుంది. యూఎస్‌బీ కేబుల్ తొడుగు మీద సన్నటి అక్షరాలతో 28 ఏడబ్ల్యూజీ, 24 ఏడబ్ల్యూజీ అని అచ్చువేసి ఉంటుంది. అది తీగ మందం, అంకె పెరిగితే తీగ సన్నం. 28 గేజి రాగి తీగకు మీటరుకు సుమారు 0.213 ఓమ్‌ల నిరోధం, 24 గేజికి 0.084. కరెంటు పోయి తిరిగి రావాలి కాబట్టి మీటరున్నర కేబుల్‌లో లెక్కలోకి వచ్చే తీగ మూడు మీటర్లు. 28 గేజి అయితే అది 0.64 ఓమ్‌లు. అరయాంపు ప్రవహిస్తే 0.32 వోల్టులు దారిలోనే పోతాయి. 24 గేజి అయితే పోయేది 0.13 మాత్రమే. కొట్టులో పక్కపక్కన వేలాడే రెండు కేబుళ్లు చూడటానికి ఒకేలా ఉన్నా, సర్క్యూట్‌కు అవి రెండు వేరు వేరు కాలువలు.

ఇప్పుడు రెగ్యులేటర్ దగ్గరకు వద్దాం. మనం మామూలుగా వాడే లీనియర్ రెగ్యులేటర్ తూముకున్న తలుపు లాంటిది. నీరు ఎక్కువైతే తలుపు దించి అదుపు చేస్తుంది. తక్కువైతే తలుపు పూర్తిగా ఎత్తేస్తుంది, అంతకుమించి అది చేయగలిగింది లేదు, నీటిని పైకి తోడదు. తలుపు పూర్తిగా ఎత్తినా దాన్ని దాటడానికి కొంత వోల్టేజీ ఖర్చవుతుంది. దాన్నే డ్రాప్‌అవుట్ అంటారు. యూఎస్‌బీతో నడిచే సర్క్యూట్‌కు రెగ్యులేటర్‌ను ఎంచుకోవడంలో అన్నిటికంటే ముందు చూడాల్సిన అంకె ఇదే. విచిత్రంగా కొనేటప్పుడు ఎవరూ అడగని అంకె కూడా ఇదే.

పాఠ్యపుస్తకాల్లో అందరికీ పరిచయమైన 7805 అనే 5 వోల్టుల రెగ్యులేటర్‌కు సుమారు 2 వోల్టుల డ్రాప్‌అవుట్ ఉంటుంది. 5 వోల్టులు రావాలంటే లోపలికి కనీసం 7 ఇవ్వాలి. దానికి యూఎస్‌బీ 5 వోల్టులు ఇస్తే బయటకు మూడున్నర ప్రాంతంలో ఏదో వస్తుంది, లోడ్, అంటే సర్క్యూట్ లాగే కరెంటు, మారినప్పుడల్లా అదీ మారుతుంది. అక్కడ జరిగేది నియంత్రణ కాదు, ఉన్నది పోగొట్టుకోవడం. నీలం రంగు బోర్డు మీద చిన్న పొటెన్షియోమీటరుతో వచ్చే ఎల్ఎం 2596 స్విచ్చింగ్ మాడ్యూల్‌ను (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ వోల్టేజీ తగ్గించేది) చాలామంది దీనికి విరుగుడు అనుకుంటారు. 12 వోల్టుల బ్యాటరీకి అది చక్కగా సరిపోతుంది. కానీ దాని డేటాషీట్‌లో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, కనీస ఇన్‌పుట్ 4.5 వోల్టులు. యూఎస్‌బీ దిగగలిగే లోతుకు అది రాలేదు. 3.3 కోసం రెండు 1ఎన్ 4007 డయోడ్‌లను వరసగా పెట్టడం, నిర్ణీత వోల్టేజీ దగ్గర నిలిచే 3.3 వోల్టుల జీనర్ డయోడ్ పెట్టడం కూడా కనిపిస్తూ ఉంటాయి. డయోడ్ మీద పడే వోల్టేజీ కరెంటుతో పాటు మారుతుంది. సర్క్యూట్ నిద్రలో ఉన్నప్పుడు ఒక వోల్టేజీ, మేల్కొన్నప్పుడు ఇంకొకటి. 1ఎన్ 4728 జీనర్ 3.3 వోల్టులు ఇచ్చేది 76 మిల్లీయాంపుల దగ్గర. అంత కరెంటును ఊరికే కాల్చేయడానికి యూఎస్‌బీ పోర్టు తగిన చోటు కాదు. కంప్యూటర్ పోర్టు, పరికరం తనను పరిచయం చేసుకునేవరకు 100 మిల్లీయాంపులే ఇస్తానంటుంది, ఆ తరువాత అడిగితే 500. యూఎస్‌బీ 3.0లో ఇవి 150, 900 అయ్యాయి.

ఏఎంఎస్ 1117 విషయం మరికొంచెం జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే దాన్ని తీసిపారేయడం అన్యాయం. దాని డ్రాప్‌అవుట్ సాధారణంగా 1.1 వోల్టులు, గరిష్ఠంగా 1.3. 5 వోల్టులు నిజంగా 5గా ఉన్నప్పుడు 3.3 తీసి పెట్టడం దానికి కష్టమేమీ కాదు. 4.4కు దిగితే 4.4 లోంచి 1.1 పోగా మిగిలేది సరిగ్గా 3.3. చెరువు గట్టు అంచున నిలబడినట్టు, పడలేదు కానీ అడుగు జరపడానికి చోటు లేదు. తీగలో ఇంకో 0.2 పోయిందంటే బయటకు వచ్చేది 3.1. బ్రెడ్‌బోర్డు మీద వదులైన జంపర్ ఇంకాస్త తినేస్తుంది. ఈఎస్‌పీ 32కు నిర్దేశించిన కనీస వోల్టేజీ 3.0. వైఫై సంకేతం పంపే క్షణంలో ఆ చిప్ సుమారు 240 మిల్లీయాంపులు లాగుతుంది, దాన్ని నడిపే సరఫరా కనీసం 500 మిల్లీయాంపులు ఇవ్వగలగాలని తయారీదారే సూచిస్తాడు. మొదట చెప్పిన వాతావరణ పెట్టె ల్యాబ్‌లో ఎందుకు రీసెట్ అయిందో ఈ కూడికలూ తీసివేతలూ చూస్తే అర్థమవుతుంది.

ఈ చిప్‌తో ఇంకో మాట. దాని వెనుక వెడల్పాటి ట్యాబ్ గ్రౌండ్ కాదు, అవుట్‌పుట్. వేడి పోతుందని లోహపు పెట్టెకు ఆనిస్తే 3.3 వోల్టుల లైను పెట్టెకు అతుక్కుంటుంది. 7805 ట్యాబ్ గ్రౌండ్ కావడంతో చెయ్యి అలవాటుగా చేసే పొరపాటు ఇది.

రెగ్యులేటర్ ఎంపికకు రెండు లెక్కలు వేయాలి. రెండింటికీ అంకెలు వేరు వేరు కొసల నుంచి తీసుకోవాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. డ్రాప్‌అవుట్ లెక్కకు అతి తక్కువ ఇన్‌పుట్, అతి ఎక్కువ కరెంటు తీసుకోవాలి. ఒక్క మిల్లీసెకను పాటు వోల్టేజీ పడిపోయినా చిప్ రీసెట్ అవుతుంది కాబట్టి అక్కడ శిఖరమే ముఖ్యం. వేడి లెక్కకు అతి ఎక్కువ ఇన్‌పుట్, సగటు కరెంటు తీసుకోవాలి. వేడి మెల్లగా పోగవుతుంది, క్షణకాలపు శిఖరాలను అది పట్టించుకోదు. రెండింటికీ 5 వోల్టులే వేసుకుంటే రెండు జవాబులూ అందంగా వస్తాయి. రెండూ తప్పే.

మొదటి లెక్కకు తగిన భాగాలు ఇప్పుడు సులువుగానే దొరుకుతున్నాయి. చిన్న సెన్సర్లకు, తక్కువ కరెంటు మైక్రోకంట్రోలర్లకు ఎంసీపీ 1700 మంచి ఎంపిక. 250 మిల్లీయాంపుల దగ్గర కూడా దాని డ్రాప్‌అవుట్ 0.18 వోల్టుల ప్రాంతంలో ఉంటుంది, తనకోసం అది తీసుకునేది 1.6 మైక్రోయాంపులే. పోలికకు, ఏఎంఎస్ 1117 ఏ పనీ చేయకుండానే సుమారు 5 మిల్లీయాంపులు తింటుంది. వైఫై ఉన్న బోర్డుకు 250 చాలదు. ఏపీ 2112 లాంటిది కావాలి, అది 600 మిల్లీయాంపులు ఇస్తుంది, అంత లోడ్‌లోనూ డ్రాప్‌అవుట్ పావు వోల్టు. 4.1 వోల్టులు వచ్చినా 3.3 నిక్కచ్చిగా నిలబడుతుంది. ఈ రెండిటితోనూ ఒక షరతు ఉంది. వీటి గరిష్ఠ ఇన్‌పుట్ 6 వోల్టులు. ఆ సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది.

రెండో లెక్క దగ్గర చెన్నై వాతావరణం కూడా బల్ల మీదకు వస్తుంది. లీనియర్ రెగ్యులేటర్ మిగులు వోల్టేజీని వేడిగా మార్చేస్తుంది, ఆ వేడి గదిలోకి పోవాలి. మే నెలలో బయట 40 డిగ్రీలుంటే బాల్కనీలో మూత బిగించిన ప్లాస్టిక్ పెట్టె లోపల 45 అనుకోవడం అతిగా ఉండదు. ఇన్‌పుట్ 5.25 అనుకుంటే, 3.3 పోగా 1.95 వోల్టులు రెగ్యులేటర్ మీద పడతాయి. సగటు కరెంటు 100 మిల్లీయాంపులైతే వేడి 0.195 వాట్లు. ఏపీ 2112 ఉండే చిన్న ప్యాకేజీకి వాటుకు సుమారు 187 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి పెరుగుదల 36 డిగ్రీలు, లోపలి చిప్ 81 దగ్గర ఆగుతుంది. ఇబ్బంది లేదు. అదే 3.3 లైను మీద ఎల్ఈడీలు కూడా పెట్టి ఎడతెగకుండా 300 మిల్లీయాంపులు లాగితే వేడి 0.585 వాట్లు, పెరుగుదల 109 డిగ్రీలు. 45కు 109 కలిపితే 154. అంత వేడి దగ్గర తనను తాను కాపాడుకోవడానికి రెగ్యులేటర్ ఆగిపోవచ్చు, చల్లారాక మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. డిసెంబరులో ఏసీ ల్యాబ్‌లో పరీక్షించి బాగుందనుకున్న పెట్టె, ఎండాకాలంలో పది నిమిషాలకోసారి చచ్చి బతకడం ఇలాంటిదే.

దీనికి స్విచ్చింగ్ రెగ్యులేటర్ ఒక పరిష్కారం. 2.5 నుంచి 5.5 వోల్టుల ఇన్‌పుట్ తీసుకునే చిన్న సింక్రనస్ బక్ కన్వర్టర్లు (వోల్టేజీని తగ్గించే స్విచ్చింగ్ రెగ్యులేటర్లు) ఉన్నాయి, ఇవి 90 శాతం వరకు సామర్థ్యంతో పనిచేస్తాయి. 5 నుంచి 3.3 తీసే లీనియర్‌కు అది 66 శాతానికి మించదు. కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఎల్ఈడీలకు 3.3 ఎందుకు? రిలే కాయిల్, బజర్, ఎల్ఈడీ లాంటివాటికి వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు. వాటిని నేరుగా 5 వోల్టుల లైను మీదకు మారిస్తే రెగ్యులేటర్ మీద భారం మూడోవంతుకు పడిపోతుంది. కొత్త చిప్ కొనకుండా, రెండు తీగలు మార్చి సాధించే లాభం ఇది.

అసలు దేనికి నిలకడైన వోల్టేజీ కావాలి, దేనికి అక్కర్లేదు? ఈ తేడా పట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. ఎల్ఎం 35 ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఆర్డినో ఉనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపే ప్రయోగం దాదాపు ప్రతి కాలేజీలోనూ ఉంటుంది. ఆ సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, 35 డిగ్రీలకు 350. సరఫరా 4 వోల్టుల నుంచి 30 వరకు ఎంతున్నా ఈ లెక్క మారదు. అంటే సెన్సర్‌కు రెగ్యులేటర్ అవసరమే లేదు. కానీ ఉనో ఆ 350 మిల్లీవోల్టులను మామూలుగా తన సరఫరా వోల్టేజీతో పోల్చి కొలుస్తుంది. ప్రోగ్రాంలో ఆ సరఫరా 5.0 అని రాసి ఉంటుంది. నిజంగా అందుతున్నది 4.6 అయితే తెర మీద కనిపించేది 38 డిగ్రీలు. బట్టల కొట్టులో గజం బద్ద కుంచించుకుపోతే గుడ్డ పొడుగ్గా కనిపించినట్టన్నమాట. గుడ్డ మారలేదు. ఇలాంటప్పుడు సెన్సర్ పాడైందని కొత్తది కొనుక్కొస్తారు. కొత్తదీ 38 అనే చెబుతుంది, ఇంకో కేబుల్‌తో 36 అంటుంది, చార్జర్‌కు మార్చితే 35 అంటుంది.

ఇక్కడ మొత్తం సర్క్యూట్‌కు 5.00 వోల్టులు తెచ్చిపెట్టాలని ప్రయత్నించడం చీమకు గొడ్డలి ఎత్తడమే. కొలిచే బద్ద ఒక్కటి నిలకడగా ఉంటే చాలు. ఉనోలోని ఏటీమెగా 328 చిప్ లోపలే 1.1 వోల్టుల రిఫరెన్స్, అంటే కొలతకు బద్దగా వాడే స్థిర వోల్టేజీ, ఉంది, ప్రోగ్రాంలో ఒక్క వరుసతో దానికి మారొచ్చు. దాని అసలు విలువ చిప్‌కూ చిప్‌కూ 1.0 నుంచి 1.2 మధ్య తేడా ఉంటుంది కాబట్టి ఒకసారి మీటరుతో కొలిచి ఆ అంకెను ప్రోగ్రాంలో రాసుకోవాలి. ఆ తరువాత యూఎస్‌బీ ఎటు ఊగినా అది పెద్దగా కదలదు. ఇంకో లాభం, 5 వోల్టుల బద్దతో ఒక్కో గీతకు సుమారు అర డిగ్రీ పడేది, ఇప్పుడు డిగ్రీలో పదోవంతు పడుతుంది. 1.1 వోల్టులకు మించి కొలవాలంటే టీఎల్ 431 అనే చిప్‌తో 2.495 వోల్టుల రిఫరెన్స్ కట్టుకోవచ్చు. 4.4 వోల్టుల సరఫరాలోనూ దానికి కావాల్సినంత చోటు ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా తెలిసి ఉండాలి. వేడితో నిరోధం మారే థర్మిస్టర్‌నో, పొటెన్షియోమీటర్‌నో అదే 5 వోల్టుల లైను నుంచి నడిపి, అదే లైనును బద్దగా వాడి కొలిస్తే, వోల్టేజీ తగ్గినప్పుడు రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. జవాబు మారదు. అక్కడ లోపలి 1.1 రిఫరెన్స్‌కు మారడమే కొత్త తప్పును తెచ్చిపెడుతుంది.

సర్క్యూట్‌కు కచ్చితంగా 5 వోల్టులే కావాలనే పట్టుదల చాలాసార్లు అలవాటు వల్ల వచ్చిందే. ఏటీమెగా 328 డేటాషీట్ గ్రాఫు ప్రకారం 16 మెగాహెర్ట్జ్ వేగానికి 3.8 వోల్టులు చాలు. 4.4 దగ్గర అది నిశ్చింతగా నడుస్తుంది. నిజంగా 5 వోల్టులు కావాల్సిన భాగం ఉంటే, ఎక్కువైతే తగ్గించి తక్కువైతే పెంచే బక్-బూస్ట్ కన్వర్టర్ సులువైన దారి. టీపీఎస్ 63000 లాంటివి 1.8 నుంచి 5.5 వోల్టుల ఇన్‌పుట్‌తో ఆ పని చేస్తాయి. 5 వోల్టుల రెగ్యులేటర్ మాత్రం, డ్రాప్‌అవుట్ ఎంత తక్కువైనా, 5 వోల్టుల యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు ఇవ్వలేదు.

6 వోల్టుల షరతు సంగతి. 5 వోల్టుల లైను మీద 6 వోల్టుల చిప్ పెడితే భద్రమే అనిపిస్తుంది. కానీ కేబుల్‌కు కొంత ఇండక్టెన్స్, అంటే కరెంటులో మార్పును అడ్డుకునే గుణం, ఉంటుంది. బోర్డు మొదట్లో సిరామిక్ కెపాసిటర్ ఒక్కటే ఉంటే, ప్లగ్ గుచ్చిన క్షణంలో ఆ రెండూ కలిసి ఊయలలాగా ఊగుతాయి. ఖాళీ కెపాసిటర్‌లోకి దూసుకొచ్చిన కరెంటు వోల్టేజీని 5 దాటించి దాదాపు 10 వరకు ఎగరేయగలదు. మైక్రోసెకన్ల ఈ ఎగుడు మల్టీమీటర్‌కు కనిపించదు. రెగ్యులేటర్ ఒకరోజు ప్లగ్ గుచ్చగానే పోతుంది, కారణం తెలియదు. సిరామిక్ పక్కన ఒక మామూలు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పెడితే దాని లోపలి నిరోధం ఆ ఊపును అణచేస్తుంది. పెద్ద కెపాసిటర్ అయితే ఇంకా మంచిదని 1000 మైక్రోఫారడ్ పెట్టడం కూడా తప్పే. పోర్టుకు ఎదురుగా ఒక్కసారిగా చార్జి అయ్యే కెపాసిటర్ 10 మైక్రోఫారడ్లు దాటకూడదని యూఎస్‌బీ 2.0 చెబుతుంది. దాటితే అదే కంప్యూటర్‌కు పెట్టిన మౌస్, పెన్‌డ్రైవ్ ఆ క్షణంలో ఉలిక్కిపడతాయి. వైఫై శిఖరాల కోసం పెద్ద కెపాసిటర్ కావాలంటే దాని చోటు రెగ్యులేటర్‌కు అవతలివైపు, అదీ డేటాషీట్ అనుమతించినంతే.

కంప్యూటర్ నుంచి వచ్చే 5 వోల్టుల మీద స్విచ్చింగ్ రొద కూడా ఉంటుంది. లీనియర్ రెగ్యులేటర్ దాన్ని ఆపుతుందని నమ్మకం, కానీ మెగాహెర్ట్జ్‌ల దగ్గర దాని పట్టు సడలిపోతుంది. ఆడియో, రేడియో సర్క్యూట్లకు రెగ్యులేటర్ ముందు ఒక ఫెర్రైట్ బీడ్ (ఇలాంటి వేగవంతమైన రొదను అణచే చిన్న భాగం) పెట్టడం మేలు.

టైప్-సి వచ్చాక కొత్త రకం ఫిర్యాదు పుట్టింది. బోర్డు పాత కేబుల్‌తో వెలుగుతుంది, రెండు కొసలా టైప్-సి ఉన్న కేబుల్‌తో కొత్త చార్జర్‌కు పెడితే అసలు వెలగదు. అక్కడ వోల్టేజీ తక్కువ కావడం కాదు, సున్నా. అవతల పరికరం ఉందని తెలిసేదాకా టైప్-సి చార్జర్ 5 వోల్టులు వదలదు. తెలియాలంటే బోర్డు మీద టైప్-సి కనెక్టర్‌లోని సీసీ 1, సీసీ 2 అనే పిన్‌ల నుంచి గ్రౌండ్‌కు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు విడివిడిగా రెండు ఉండాలి. రెండు పిన్‌లకూ కలిపి ఒక్కటే పెట్టిన పొరపాటు 2019లో వచ్చిన రాస్‌బెర్రీ పై 4 తొలి బోర్డుల్లో కూడా జరిగింది, కొన్ని కేబుళ్లతో అవి పవర్ తీసుకోలేకపోయాయి. తరువాత సరిదిద్దారు. పవర్‌బ్యాంకులది ఇంకో తీరు. తక్కువ కరెంటు లాగే సర్క్యూట్‌ను చూసి ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని చాలా పవర్‌బ్యాంకులు సరఫరా ఆపేస్తాయి. కరెంటు పొదుపు చేసిన సర్క్యూట్‌కే ఈ కష్టం ముందు వస్తుంది.

ఏ రెగ్యులేటర్ కొనాలో తేల్చుకోకముందు చేతిలో ఉన్న కేబుల్‌ను కొలవడం పది నిమిషాల పని. కావాల్సింది ఒక మల్టీమీటర్, 15 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్. ఈ పరీక్షను కంప్యూటర్ మీద కాకుండా చార్జర్ మీద చేయాలి, ఎందుకంటే అడగకుండా 300 మిల్లీయాంపులు లాగడానికి కంప్యూటర్ పోర్టు నియమం ఒప్పుకోదు. కేబుల్ చివర, బోర్డు ఉండే చోట, మొదట లోడ్ లేకుండా కొలవాలి. 5.02 వచ్చిందనుకుందాం. రెసిస్టర్ తగిలించాక 4.71కు దిగిందనుకుందాం. 4.71ను 15తో భాగిస్తే కరెంటు 0.314 యాంపులు, పోయిన వోల్టేజీ 0.31. అంటే చార్జర్, కేబుల్, కనెక్టర్ అన్నీ కలిసి సుమారు 1 ఓమ్. ఇప్పుడు అదే కేబుల్‌ను ల్యాబ్‌లోని హబ్‌కు పెట్టినట్టు ఊహించి, 4.40 లోంచి 240 మిల్లీయాంపుల శిఖరానికి 0.24 తీసేస్తే బోర్డుకు చేరేది 4.16. ఏఎంఎస్ 1117 పెడితే 3.06 మిగులుతుంది, ఏపీ 2112 పెడితే 3.3 నిలబడి ఇంకా అర వోల్టుకు పైగా చోటు ఉంటుంది.